టయోటా ఎవరిది? మధ్య ఆస్ట్రేలియా ఎడారిలో వార్ల్పిరి వాళ్ల బళ్లు

అందరికీ నమస్కారం.

ఒక ట్రక్కుతో మొదలుపెడతాను. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఆలిస్ స్ప్రింగ్స్ అనే పట్టణం ఉంది. అక్కణ్ణుంచి వాయవ్యంగా, తనమి ఎడారి దారిలో, సుమారు 290 కిలోమీటర్లు వెళ్తే యుయెండుము వస్తుంది. హైదరాబాదు నుంచి విజయవాడ ఎంతో ఇంచుమించు అంత దూరం. మధ్యలో సూర్యాపేట ఉండదు, అంతే తేడా. 1946లో ప్రభుత్వం రేషన్ పంచడానికి ఈ ఊరు పెట్టి, వార్ల్పిరి ఆదివాసులని ఒకచోట చేర్చింది. జనం ఎక్కువయ్యారని, 1949లో ఉత్తరాన పెట్టిన హుకర్ క్రీక్ అనే ఇంకో స్థావరానికి కొంతమందిని ట్రక్కుల్లో తరలించారు. ఆ ఊరినే ఇప్పుడు లజమాను అంటున్నారు. దించిన నేల గురింజీ వాళ్లది. పరాయివాళ్ల నేల మీద, వాళ్ల పూర్వీకుల గాథల మధ్య కాపురం పెట్టడం వార్ల్పిరి వాళ్ల దృష్టిలో తప్పు. అందుకని కొందరు తిరిగొచ్చేశారు, కాలినడకన. దాదాపు 600 కిలోమీటర్ల ఎడారి.

ఆ తరానికి మోటారు బండి అంటే ఇదీ: సర్కారు వాడిది, ఎక్కించేది వాడు, ఎక్కడ దించాలో తేల్చేది వాడు. పోలీసులొచ్చింది బండి మీదే, తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని తీసుకుపోయిందీ బండి మీదే. తర్వాత ముప్పై ఏళ్లలో అదే బండి వాళ్ల చేతికొచ్చి, వాళ్ల చుట్టరికాల్లోకీ నేలలోకీ కలిసిపోయింది. ఆ కలిసిపోవడం ఎలా జరిగిందన్నదే ఇవాళ్టి విషయం. ఇంకోటి కూడా. బయటినుంచి వెళ్లినవాళ్లు దారిపక్కన తుప్పుపట్టిన కార్లు చూసి "వీళ్లకి వస్తువు మీద శ్రద్ధ లేదు" అనేస్తారు. ఆ మాట తప్పని చెప్పడానికి కాస్త బానెట్ ఎత్తి చూపించాలి.

మొదట డబ్బు సంగతి. పశువుల పెంపకం ఎస్టేట్లలో ఆదివాసులు దశాబ్దాల పాటు తిండికీ బట్టకీ పనిచేశారు. 1966లో వేతన ట్రిబ్యునల్ సమాన జీతం ఇవ్వాలంది, 1968 డిసెంబరు నుంచి అమలు. జీతం ఇవ్వాల్సివచ్చేసరికి యజమానులు చాలామందిని పనిలోంచి తీసేశారు. అదే కాలంలో పింఛన్లు, భృతులు నేరుగా చేతికి రావడం మొదలైంది. 1976లో నార్తర్న్ టెరిటరీ భూహక్కుల చట్టం వచ్చింది, భూమి తిరిగి దఖలు పడింది. తనమిలో బంగారం గనులున్నాయి. గని వచ్చిన నేల తాలూకు వాళ్లకి రాయల్టీ వచ్చింది. ఆ డబ్బు చాలాసార్లు టయోటా ల్యాండ్‌క్రూయిజర్ రూపంలో ఊళ్లోకి వచ్చింది. వెనక ఎదురెదురు బెంచీలుండే మోడల్‌ని 'ట్రూప్ క్యారియర్' అంటారు, ముద్దుగా 'ట్రూపీ'. పదకొండు సీట్లు, రెండు డీజిల్ ట్యాంకులు, ఒక్కోటి 90 లీటర్లు. నూరు కిలోమీటర్లకి 13 నుంచి 15 లీటర్లు తాగినా వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. పాత 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజనులో ఎలక్ట్రానిక్స్ లేవు, ఇంజెక్షన్ పంపు పూర్తిగా మెకానికల్. ఎడారిలో దాని విలువ అక్కడుంది.

సరే, బండి వచ్చింది. ఎవరిది?

వార్ల్పిరి వాళ్లలో ప్రతి నేలకీ రెండు వర్గాలుంటాయి. తండ్రి, తాత వైపు నుంచి ఆ నేల వచ్చినవాళ్లు కిర్దా. తల్లి వైపు నుంచి ఆ నేలతో సంబంధం ఉన్నవాళ్లు కుర్దుంగుర్లు. ఒకే మనిషి తన తండ్రి నేలకి కిర్దా, తన తల్లి నేలకి కుర్దుంగుర్లు. క్రతువు జరిగితే ఒంటి మీద రంగులు వేయించుకుని ఆడేది కిర్దా. రంగులు వేసేది, సరంజామా సిద్ధం చేసేది, తప్పు జరిగితే ఆపి సరిదిద్దేది కుర్దుంగుర్లు. సొంతదారు ఒకరు, బాధ్యుడు ఒకరు. సొంతదారు తనంతట తాను ఏదీ చేసెయ్యకూడదు.

ఇప్పుడు ఫలానా నేల రాయల్టీతో ఒక టయోటా వచ్చిందనుకోండి. ఆ బండి ఆ నేల నుంచి పుట్టినట్టే లెక్క. కాబట్టి కిర్దా దాని సొంతదారులు, నడపాల్సింది కుర్దుంగుర్లు! ఇది తమాషాకి అన్నమాట కాదు, వాళ్ల న్యాయం ప్రకారం పక్కా తర్కం. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం ఒకే ఒక్క పేరుకి చోటుంటుంది, రిజిస్టర్డ్ ఓనరు. చాలా తగాదాలు ఆ ఒక్క గడి దగ్గరే మొదలవుతాయి.

ఇందులో ఆడవాళ్ల వాటా విడిగా చెప్పాలి. బళ్లు పంచే ఆఫీసర్లు మగవాళ్లు, వాళ్లు మాట్లాడింది ఊరి మగవాళ్లతో. తాళాలు మగవాళ్ల చేతిలోకి వెళ్లాయి. ఆడవాళ్లకీ సొంత క్రతువులున్నాయి, సొంత స్థలాలున్నాయి, దుంపలూ కాయలూ ఏరుకొచ్చే చోట్లున్నాయి. కాలినడకన వెళ్లే రోజుల్లో వీటికి ఎవరినీ అడగక్కర్లేదు. నడక పోయి బండి వచ్చేసరికి తమ సొంత నేలకి పోవాలన్నా మగవాణ్ణి బతిమాలాల్సి వచ్చింది. అప్పుడు యుయెండుము స్త్రీలు చేసిన పని చూడండి: 1980ల మొదట్లో తమ గాథల చిత్రాలు వేసి అమ్మి, ఆ డబ్బుతో టయోటా కొనుక్కున్నారు. 1985లో వార్లుకుర్లాంగు అనే కళాకేంద్రం ఏర్పడింది, ఇవాళ దాని బొమ్మలు ప్రపంచమంతా గ్యాలరీల్లో ఉన్నాయి. ఎడారి చిత్రకళ మీద వచ్చే వ్యాసాల్లో ఆ బొమ్మల్లోని చుక్కల అర్థం గురించి పేజీలు పేజీలు ఉంటాయి. గేర్‌బాక్సు గురించి ఒక్క లైను ఉండదు.

చుట్టరికం సంగతికి వద్దాం. ఇక్కడ తెలుగువాళ్లకి ఒక సౌలభ్యం ఉంది. మనకి తండ్రి అన్నదమ్ములు పెదనాన్న, చిన్నాన్న. మాటలోనే నాన్న ఉన్నాడు. వాళ్ల పిల్లలు మనకి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనమామ, మేనత్త పిల్లలు మాత్రం వేరే వరస. వార్ల్పిరి వాళ్ల లెక్క కూడా ఈ తీరుదే. ద్రావిడ బంధుత్వాన్నీ ఆస్ట్రేలియా బంధుత్వాన్నీ మానవశాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. మనం నాలుగు తరాలు దాటాక ఆ వరస వదిలేస్తాం, వాళ్లు ఎంత దూరమైనా వదలరు. ఎనిమిది వర్గాల పేర్లున్నాయి, ఊళ్లో ప్రతి మనిషీ ఏదో ఒకదానిలో పడతాడు. అంటే ఊళ్లో ప్రతివాడూ ప్రతివాడికీ ఏదో ఒక వరస.

కారు కొన్నవాడికి దీని ఫలితం ఏమిటి? తమ్ముడి వరసవాడు వచ్చి బండి అడిగితే "ఇవ్వను" అనడానికి లేదు. అలా అంటే చుట్టరికమే కాదన్నట్టు. "పెట్రోలు లేదు" అనొచ్చు. "బ్యాటరీ దిగిపోయింది" అనొచ్చు. బ్యాటరీ కేబులో, పాత కార్లలో డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటరో తీసి ఇంట్లో పెట్టుకుంటే బండి నిజంగానే కదలదు. అబద్ధం ఆడినట్టూ ఉండదు, కాదన్నట్టూ ఉండదు. మరమ్మతులో ఉన్న బండి ఒక్కోసారి మర్యాద కాపాడుతున్న బండి.

సీట్ల గొడవ ఇంకోటి. అత్తా అల్లుడూ ఒకరినొకరు చూడకూడదు, మాట్లాడకూడదు, దగ్గర కూచోకూడదు. మన దగ్గర అల్లుడు తోలుతుంటే అత్తగారు ముందు సీట్లో కూచుని దారి చెబుతారు. అక్కడ అత్త వరసవాళ్లు ఎక్కుతున్నారంటే అల్లుడు వేరే బండి చూసుకోవాలి, లేదా రెండు ట్రిప్పులు కొట్టాలి. ఎదురెదురు బెంచీల ట్రూపీలో ఇది మరీ కష్టం. ఎనిమిది మంది వెనక ఎక్కేముందు జరిగే సర్దుబాటు చూసి, తెలియనివాళ్లు "ఎంత ఆలస్యం చేస్తారో" అనుకుంటారు.

ఇక బండి ఎందుకు త్వరగా చస్తుందో చూద్దాం. మొదటి ముద్దాయి రోడ్డు. తనమి దారిలో ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తారు పడుతూ వచ్చింది గానీ, ఊళ్ల మధ్య దారులు చాలావరకు మట్టివే. పొడి మట్టి మీద బండ్లు వేగంగా పోతుంటే అడ్డంగా అలలు లేస్తాయి, మనం ఇళ్లమీద వేసే రేకు మాదిరిగా. టైరు చిన్న గడ్డ మీద ఎగిరి అవతల పడిన చోట మట్టిని తవ్వి ముందుకు నెడుతుంది, తర్వాత వచ్చిన టైరు అక్కడే ఎగురుతుంది. గ్రేడరుతో చదును చేసినా మళ్లీ లేస్తాయి. గంటకి 20 కిలోమీటర్లలోపు పోతే బండికి హాయి, కానీ ఊరు చేరం. 80 దగ్గర టైరు అలల తలల మీద తేలిపోతూ నున్నగా అనిపిస్తుంది, కానీ అప్పుడు టైరు సగం సేపు గాల్లో ఉంటుంది. బ్రేకు పట్టదు, స్టీరింగు కొంచెం ఎక్కువ తిప్పితే పల్టీ. మధ్య వేగాల్లో బండి వణికిపోతుంది. షాక్ అబ్జార్బర్ లోపలి నూనె వేడెక్కి నురగ కట్టి, సీలు పోయి కారిపోతుంది. షాక్ పోయాక దెబ్బంతా స్ప్రింగు పట్టీల మీద పడుతుంది, పట్టీ విరుగుతుంది. బ్యాటరీ కూచునే ట్రే చీలుతుంది, రేడియేటర్ బిగింపులు ఊడతాయి, పెట్రోలు ట్యాంకు పట్టీలు తెగుతాయి. ఇవన్నీ ఒక వరసలో జరుగుతాయి. మొదటిది పట్టుకుంటే తర్వాతివి ఆగుతాయి. షాకులు కొత్తవి వెయ్యాలంటే మళ్లీ 290 కిలోమీటర్లు పోవాలి.

టైర్ల గాలి తెలిసినవాళ్లు మారుస్తూ ఉంటారు. తారు మీద 40 పౌండ్లు ఉంటే అలల మట్టి మీద 26, 28కి దించుతారు, మెత్తటి ఇసుకలో 16, 18కి. తారెక్కాక మళ్లీ కొట్టకపోతే టైరు పక్కగోడ వేడెక్కి పేలుతుంది. పంపు లేని బండికి ఈ వెసులుబాటు లేదు.

రెండో ముద్దాయి స్పినిఫెక్స్. ముళ్లబంతిలా గుబురుగా పెరిగే గడ్డి, సూదుల్లాంటి ఆకులు, ఒళ్లంతా జిగురు. దారి వదిలి ఆ గడ్డిలో పడితే గింజలు రేడియేటర్ రెక్కల మధ్య కూరుకుని గాలి ఆడదు, నీళ్లు మరుగుతాయి. ముందు దోమతెర లాంటి జాలీ కట్టి, మాటిమాటికీ ఆపి దులపాలి. ఇంతకన్నా ప్రమాదం కింద ఉంటుంది. సైలెన్సర్ పైపు మీద పేరుకున్న గడ్డి జిగురుతో సహా భగ్గుమంటుంది. పెట్రోలు బళ్లలో పొగని శుభ్రం చేసే డబ్బా, క్యాటలిటిక్ కన్వర్టర్, మరీ వేడి. ఆగినప్పుడల్లా వంగి, వంచిన ఇనపతీగతో ఆ గడ్డి లాగెయ్యాలి. లాగనివాళ్ల బళ్ల అస్థిపంజరాలు ఎడారిలో ఉన్నాయి.

ఆ గడ్డే ప్రాణం పోస్తుంది కూడా. స్టెప్నీ కూడా పంచరైతే, టైరులో గాలికి బదులు స్పినిఫెక్స్ కూరతారు. 2001లో ఆస్ట్రేలియా టీవీలో యుయెండుము కుర్రాళ్ల మరమ్మతుల మీద వచ్చిన ధారావాహిక వల్ల ఇది దేశమంతటికీ తెలిసింది. చేసే పద్ధతి ఇది. ముందు టైరు అంచుని రిమ్ము నుంచి విడదియ్యాలి. నేల మీద పడేసి, ఇంకో బండి చక్రం టైరు మీదకి ఎక్కిస్తే అంచు విడుతుంది. బండి లేకపోతే జాకీని ఛాసిస్ కిందా టైరు అంచు మీదా పెట్టి తొక్కించాలి. గడ్డి కోసి కూరడం మొదలుపెడితే, నిండిందనుకున్న చోట సగమే నిండినట్టు. కర్రతో దంచి దంచి కూరాలి. తర్వాత మెల్లగా, దాదాపు నడక కన్నా కాస్త ఎక్కువ వేగంతో పోవాలి. వేగం పెంచితే లోపల రాపిడికి గడ్డి పొడైపోతుంది, పొగ వస్తుంది, ఒక్కోసారి నిప్పూ పుడుతుంది.

మిగతావీ ఈ కోవలోవే. పెట్రోలు ట్యాంకు చిల్లికి సబ్బు నలిపి అద్దుతారు. పెట్రోలులో సబ్బు కరగదు కాబట్టి నిలుస్తుంది. ఒక చక్రం దగ్గర బ్రేకు పైపు పగిలితే ఆ పైపుని మడిచి సుత్తితో నలిపేస్తారు, మిగిలినవి పట్టుకుంటాయి. బ్రేకు ఆయిలు బదులు సబ్బు నీళ్లు పోసినా పెడలు గట్టిపడుతుంది. అయితే అసలు ఆయిలు 200 డిగ్రీలు దాటినా మరగదు, నీళ్లు 100కే మరిగి ఆవిరవుతాయి. నాలుగైదుసార్లు గట్టిగా తొక్కారంటే పెడలు కింద దాకా పోతుంది. బ్యాటరీ దిగితే తోసి స్టార్ట్ చెయ్యాలి, ఆటోమేటిక్ గేరు బండి తోస్తే స్టార్ట్ కాదు. అందుకే మాన్యువల్ గేరు బండికి ఊళ్లో వేరే గౌరవం.

దారిపక్క తుప్పు కార్ల సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. అవి చెత్త కావు, స్పేర్ పార్టుల కొట్లు. అందరూ ఫోర్డ్ ఫాల్కనో హోల్డెన్ కమోడోరో ఎందుకు కొన్నారంటే, ఒకదాని పార్టు అదే రకం ఇంకోదానికి సరిపోతుంది. ఏ మలుపు దగ్గర పడున్న ఏ కారులో ఆల్టర్నేటర్ ఇంకా ఉంది, దేనిది ఎవరు పట్టుకుపోయారు అన్నది ఊరికంతా నోటికి తెలిసిన జాబితా. అడుగుజాడ చూసి మనిషిని పోల్చుకునే కళ్లు టైరు గుర్తు చూసి బండినీ పోల్చుకుంటాయి. పొద్దున్నే ఇసుక చూసి, రాత్రి ఎవరి బండి ఎటు పోయిందో చెబుతారు.

కొన్ని కార్లు చెడిపోకుండానే ఆగిపోతాయి. సొంతదారు చనిపోతే ఆ మనిషి పేరు పలకరు. అదే పేరున్న బతికున్నవాళ్లని కూడా 'కుమున్‌జయి' అంటారు, పేరు లేనివాడని. చనిపోయినవాడి వస్తువులు దగ్గరివాళ్ల కళ్లముందు ఉండకూడదు. బండిని దూరపు ఊరి చుట్టాలకి ఇచ్చేస్తారు, మార్పిడి చేస్తారు, లేదా ఎక్కడో వదిలేస్తారు. అలా వదిలేసిన కారు నుంచి ఎవరు పార్టు తీసుకోవచ్చు, ఎవరు ముట్టకూడదు అన్నది మళ్లీ వరసను బట్టే.

బండి వల్ల నడక పోయింది, నిజమే. క్రతువులు పోలేదు, పెరిగాయి. పూర్వం ఉపనయనం లాంటి దీక్షకి కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని బంధువులని పిలుచుకుంటూ నెలల తరబడి నడిచేవారు. ఇప్పుడు అదే యాత్ర బళ్ల వరసగా వందల కిలోమీటర్లు సాగుతుంది, దారిలో ఊరూరా బళ్లు కలుస్తాయి, చివరికి చేరే జనం వందల్లో ఉంటారు. చావులకీ అంతే. ఫుట్‌బాల్ మ్యాచ్‌లకీ అంతే. నిప్పు పెట్టే తీరు కూడా మారింది: నడిచేటప్పుడు వేట కోసం అక్కడక్కడా చిన్న చిన్న ముక్కలుగా గడ్డి కాల్చేవారు, ఇప్పుడు కాలిన మచ్చలు రోడ్ల వెంబడే ఉంటాయి. రోడ్డు లేని చోట గడ్డి ఏళ్ల తరబడి పేరుకుని, పిడుగు పడ్డప్పుడు ఒకేసారి తగలబడుతుంది.

పెట్రోలు ఇంకో విషాదం తెచ్చింది. పిల్లలు దాన్ని డబ్బాల్లో పోసుకుని పీల్చడం మొదలుపెట్టారు, మెదడు దెబ్బతినేది. రాత్రిపూట కార్ల ట్యాంకుల్లోంచి లాగేసేవారు, అందుకే మూతలకి తాళాలు వచ్చాయి. 1994లో యుయెండుము పెద్దలు పీల్చే పిల్లల్ని దాదాపు 160 కిలోమీటర్ల దూరంలోని మౌంట్ థియో అనే సొంత నేలకి తీసుకుపోయి ఉంచడం మొదలుపెట్టారు. అక్కడ పెట్రోలు బండి ఉండకూడదు, డీజిలే. డీజిల్ మత్తివ్వదు. పీల్చినా మత్తెక్కదని కొన్ని ఊళ్లలో కార్లకి విమానాల పెట్రోలు పోశారు. 2005లో ఓపల్ అనే ఇంధనం వచ్చింది. మామూలు పెట్రోలులో మత్తిచ్చే ఆరోమాటిక్ పదార్థాలు 25 శాతం దాకా ఉంటే ఇందులో 5 శాతమే. ఇంజను పాడవుతుందని పుకార్లు పుట్టాయి, ఇంజనుకేమీ కాలేదు. రాత్రి గస్తీ కూడా బండి మీద వచ్చిందే. 1990ల మొదట్లో యుయెండుము స్త్రీలు, చాలామంది పెద్దవయసు వాళ్లు, తాగి గొడవ చేసేవాళ్లని పోలీసుల కన్నా ముందు తామే పట్టుకుని ఇళ్లకి చేర్చేవారు.

చట్టంతో పేచీ ఎక్కువగా లైసెన్సు దగ్గర వస్తుంది. పరీక్ష ఆంగ్లంలో, ఆఫీసు పట్టణంలో. గుర్తింపు పత్రాలు కావాలి. జనన నమోదు లేనివాళ్లున్నారు. కుమున్‌జయి ఆచారం వల్ల పేరు మార్చుకున్నవాడికి ఒక కాగితంలో ఒక పేరు, ఇంకోదాంట్లో ఇంకోటి. జరిమానా కట్టకపోతే ఉన్న లైసెన్సూ సస్పెండ్. అయినా ఆస్పత్రికి ఎవరో ఒకరు నడపాల్సిందే, నడిపినవాడు జైలుకి పోతాడు. 2012 నుంచి ప్రభుత్వమే బోధకుల్ని ఊళ్లకి పంపి, కాగితాలు సరిచేయించి లైసెన్సులిప్పిస్తోంది. పాతికేళ్ల ముందే చెయ్యాల్సిన పని.

కొనే దగ్గరా ఇదే తీరు. దక్షిణ ఆస్ట్రేలియాలో పిట్జంట్జట్జర అనే ఇంకో ఆదివాసుల నేల మీద మింటబి అనే ఓపల్ రాళ్ల గనుల ఊళ్లో ఒక దుకాణం పాత కార్లు అప్పుకి అమ్మేది. కారుని వాళ్ల భాషలో ముటుక అంటారు, మోటార్ కార్ నుంచి పుట్టిన మాట. దుకాణం వాడు కొన్నవాడి బ్యాంకు కార్డూ పిన్ నంబరూ తన దగ్గరే ఉంచుకుని, భృతి పడ్డ రోజే మొత్తం లాగేసి, తిండికి తానే కొంత ఇచ్చేవాడు. కేసు హైకోర్టు దాకా పోయింది. ఆస్ట్రేలియాలో హైకోర్టే అత్యున్నతం. 2019లో నలుగురు న్యాయమూర్తులు ఇది అన్యాయమైన దోపిడీ కాదన్నారు, ముగ్గురు అవునన్నారు. కాదన్నవాళ్ల వాదనలో ఒక ముక్క ఆలోచించదగ్గది: కొందరికి ఆ ఏర్పాటు నచ్చింది, ఎందుకంటే కార్డు దుకాణంలో ఉంటే చుట్టాలు అడిగినా ఇవ్వడానికి చేతిలో ఉండదు. బ్యాటరీ కేబులు తీసి ఇంట్లో పెట్టుకోవడం లాంటిదే ఇదీ. కాకపోతే ఈ కేబులు వడ్డీ తింటుంది.

ఆసుపత్రి మాట అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి. కిడ్నీ జబ్బు అక్కడ విపరీతం. డయాలిసిస్ కోసం పట్టణంలో పడి ఉండేవాళ్లు సొంత నేల చూడకుండానే పోయేవారు. 2000లో ఎడారి చిత్రకారులు బొమ్మలు వేలం వేసి పది లక్షల డాలర్లకి పైగా పోగుచేశారు, 2004లో కింటోర్ ఊళ్లో డయాలిసిస్ మొదలైంది. 2011 నుంచి యంత్రాలు బిగించిన ఊదారంగు ట్రక్కు ఊళ్లు తిరుగుతోంది, చావుకో పండక్కో రోగి తన ఊరికి వచ్చి కొన్నాళ్లుండేలా. మొదట చెప్పిన సర్కారు ట్రక్కు పక్కన దీన్ని పెట్టి చూడండి.

చివరగా ఇప్పటి ఇబ్బంది. ఫోర్డ్ ఆస్ట్రేలియాలో కార్ల తయారీ 2016 అక్టోబరులో ఆపేసింది, హోల్డెన్ 2017 అక్టోబరులో. ఫాల్కన్‌లు, కమోడోర్‌లు అరుగుతున్నాయి, కొత్తవి రావు. బదులొచ్చే బళ్లలో తాళంచెవిలో చిప్పు, ఇంజనుకి కంప్యూటరు. ఒక బండి కంప్యూటరు ఇంకో బండి తాళాన్ని గుర్తుపట్టదు. సెన్సర్ ఒకటి పోతే ఇంజను తనంతట తానే బలం తగ్గించేసుకుంటుంది, ఏం పోయిందో చెప్పాలంటే స్కానర్ కావాలి. దారిపక్కన అలాంటి బండి పడి ఉంటే చక్రాలు, బ్యాటరీ, అద్దాలు పనికొస్తాయి. మిగతాది ఎవరూ ముట్టుకోరు.